మన ఎండకి ఏ కప్పు? రేకులమ్మేవాడు చెప్పే లెక్క

మాది అనంతపురంలో రేకుల అంగడి. సిమెంటువి, జింకువి, రంగువి, వాటికి కావాల్సిన పైపులు, స్క్రూలు అన్నీ ఉంటాయి. అయినా ఎవరన్నా లోపలికొచ్చి "అన్నా, మంచి రేకు ఏదుంది?" అనగానే నేను రేకు చూపించను. ఆ కప్పు కింద పగలు ఎవరుంటారు, రాత్రి ఎవరు పడుకుంటారు, ఇంటికి పడమర ఏముంది, ఇవి అడుగుతా. ముసలోళ్లు మధ్యాహ్నం కునుకు తీసే గదికీ, శెనక్కాయ మూటలు పెట్టే కొట్టానికీ, గొర్రెల దొడ్డికీ ఒకే కప్పు సరిపోదు. కొందరికి రేకే వద్దు, ఉన్న మిద్దె బాగుచేసుకోండి అని చెప్పి పంపించేస్తా. దీనిమీద మా తమ్ముడికీ నాకూ రోజూ పంచాయితీనే.

చాలామంది వానను తలుచుకుని కప్పు ఎంచుకుంటారు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర వాన. కర్నూలు, కడపల్లో కొంచెం ఎక్కువ. అదీ నాలుగు గట్టి వానల్లో పడిపోతుంది. ఎండ అలా కాదు. శివరాత్రికి మొదలైతే తొలకరి దాకా నెత్తిమీదే ఉంటుంది, కర్నూలు, నంద్యాల వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు వింతేం కాదు. తర్వాత గాలి. ఆషాఢంలో పడమటి నుంచి వీచే గాలి సంగతి పల్లెల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు పెట్టింది ఈ గాలిని చూసే కదా. అంతకుముందే, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి లేచే గాలివాన ఇంకో రకం. అది పావుగంట ఉంటుంది, ఆ పావుగంటలోనే రేకులు పక్క చేలో పడతాయి. కాబట్టి మన దిక్కున ముందు ఎండకి, తర్వాత గాలికి, ఆ తర్వాతే వానకి కప్పు చూసుకోవాలి. రాజంపేట, రైల్వే కోడూరు వైపు వాళ్లకి మాత్రం ఈ వరుస కుదరదు. అక్కడ నవంబరు తుపాను వానలు రోజుల తరబడి పడతాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగింది ఆ వానలకే. వాళ్లు వానని ముందు పెట్టుకోవాల్సిందే.

ఇక అసలు లెక్క. రేకు కింద పగలు ఉండలేం, స్లాబు కింద రాత్రి ఉండలేం. రేకు పలచన, ఎండ తగిలిన అరగంటలో కాలిపోతుంది, పొద్దు గూకాక అంతే తొందరగా చల్లబడుతుంది. నాలుగైదు అంగుళాల స్లాబు పొద్దంతా సెగ మింగి, సాయంత్రం నుంచి దాన్ని కిందికి వదలడం మొదలుపెడుతుంది. రాత్రి పదింటికి ఫ్యాను వేస్తే వేడిగాలి కొట్టేది అందుకే. సెగని దాచుకునేంత మందం ఉంది, ఆపేంత మందం లేదు. అడుగు మందం మట్టి మిద్దెకి ఈ బాధ లేదు, పైన ఎండ కిందికి దిగేలోపే తెల్లారిపోతుంది. మీ కప్పు కింద మనిషి ఏ వేళలో ఉంటాడో దాన్నిబట్టి ఎంచుకోమనేది ఇందుకే.

మట్టి మిద్దె ఉన్నవాళ్లు కూల్చేముందు ఒక్కసారి ఆగండి. మా వైపు పాత మిద్దె కట్టుబడి తెలిసిందే. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు (సన్న కట్టెలు), వాటి మీద బండలో కట్టెలో, ఆపైన చెదలు పట్టకుండా వేపాకు లాంటిది పరిచి మట్టి, అన్నిటి మీదా సౌడు, అంటే ఉప్పు నేల మట్టి. ఈ సౌడు పొరలోనే పెద్దోళ్ల తెలివంతా ఉంది. ఉప్పు నేల మట్టి తడవగానే మెత్తని రేణువులుగా విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది, నీళ్లు లోపలికి దిగకుండా పైనుంచే జారిపోతాయి. ఆ మట్టినే గోడకి వాడితే కరిగిపోతుంది, మిద్దె మీద మాత్రం మూతలా పనిచేస్తుంది.

కూల్చాలా వద్దా అనేది మట్టిని చూసి కాదు, కట్టెని చూసి తేల్చుకోవాలి. స్క్రూ డ్రైవర్ ఒకటి తీసుకోండి. దూలం గోడలోకి దూరే చోట, గోడని ఆనుకుని పొడవండి. దూలం నడిమధ్యన గట్టిగానే ఉంటుంది, పుచ్చేది గోడలో దాగున్న కొసే. మొన అర అంగుళం కంటే సులువుగా దిగినా, పొడి రాలినా ఆ దూలం పని అయిపోయినట్టే. సుత్తి వెనక్కి తిప్పి కొసనుంచి కొస దాకా తట్టుకుంటూ పోండి. గట్టి కట్టె ఖంగున పలుకుతుంది, లోపల తినేసిన చోట డొల్లగా వినిపిస్తుంది. చెదల మట్టిగీతలు గోడ మీదుగా పైకి పాకుంటే అవి ఎక్కడికి పోయాయో చూడండి. గవాచి (వెలుతురు కోసం మిద్దెలో వదిలే కంత) చుట్టూ తడి మరక ఉంటే దానికి అంత భయపడక్కర్లేదు, గవాచి అంచు కట్ట సరిచేస్తే పోతుంది.

కట్టె బాగుంటే తర్వాత బరువు చూడాలి. ఏటా వానల ముందు సౌడు పోస్తారు, పాతది ఎవ్వరూ గీకరు. తాతల నాటి అడుగు మందం ఇప్పుడు అడుగున్నర అయి ఉంటుంది. ఘనపుటడుగు మట్టి యాభై కిలోలకి దగ్గర. పదికి పన్నెండు గది మీద అడుగు మట్టి అంటేనే ఆరు టన్నులు. అర అడుగు పెరిగితే ఇంకో మూడు టన్నులు, తడిస్తే ఇంకా పైన. మూడు రోజుల ముసురులో మిద్దెలు కూలేది ఈ బరువుకే. అందుకని ముందు పాత మట్టి గీకి దించండి, గడ్డి వేళ్లతో సహా పీకండి, ఎలుకల బొక్కలు తవ్వి పూడ్చండి, ఆ తర్వాత రెండు మూడు అంగుళాల సౌడు పరిచి నీళ్లు చిలకరించి చెక్కతో కొట్టండి. వాలు నీళ్లు బయటికి పోయే దోనె వైపు ఉండాలి. పని మే నెలలో అయిపోవాలి. ఒక్క పని మాత్రం చెయ్యొద్దు: మట్టి మీద సిమెంటు పోయించడం. మట్టి తడికి, ఎండకి కదులుతుంది, సిమెంటు కదలదు. పగుళ్లిచ్చాక అందులో దిగిన నీళ్లు ఎండవు, కింద కట్టె కుళ్లుతుంది. ముసురు పట్టినప్పుడు దూలం వంగినట్టు కనబడినా, పైనుంచి మట్టి రాలినా ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు.

స్లాబు వేసేవాళ్లకి నేను చెప్పేవి రెండే, పోసే రోజు సంగతి, తర్వాత పైన వేసే పూత సంగతి. మే నెల మిట్ట మధ్యాహ్నం స్లాబు పోయిస్తే మాల్ (కలిపిన కాంక్రీటు) గట్టిపడకముందే పైన తడి ఎగిరిపోయి సన్నటి పగుళ్లు వస్తాయి. కంకర గుట్ట మీద ముందురోజే నీళ్లు చల్లి గోనెపట్టలు కప్పి, తెల్లవారుజామునే మొదలుపెట్టమని బేల్దారి మేస్త్రీతో ముందే ఖరారు చేసుకోండి. మాల్ వేడి 40 డిగ్రీలు దాటకూడదని నియమం. తర్వాత స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. మామూలుగా కనీసం ఏడు రోజులంటారు, మన ఎండకీ ఇప్పుడొచ్చే, బూడిద కలిసిన పీపీసీ సిమెంటుకీ పది రోజులకి తగ్గొద్దు. నీళ్ల కొరత ఉందని మూడోరోజే ఆపేసే ఊళ్లు నాకు తెలుసు, ఆ ఇళ్లు రెండో వానకే కారతాయి. వాలు పది అడుగులకి ఒకటిన్నర అంగుళం పెట్టించుకోండి. కంటికి సమంగా కనబడే మిద్దె మీద నీళ్లు తప్పకుండా నిలుస్తాయి.

పైన ఏం వెయ్యాలి? కడప జిల్లా వాళ్లు నల్లబండ చవకగా దొరుకుతుందని మిద్దె మీద కూడా పరిపిస్తారు. నట్టింట్లో నల్లబండ చల్లగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. అదే బండ ఎండలో పడితే సెగనంతా పీల్చుకుంటుంది, మధ్యాహ్నం మీద కాలు పెట్టలేరు. బండే వెయ్యాలనుకుంటే బేతంచెర్ల వైపు దొరికే తెలుపు, లేత రంగువి వేయించండి. అంతకంటే మేలు, కింద ఇటుక ముక్కలు సున్నంతో కలిపి మూడు నాలుగు అంగుళాల గచ్చు పోసి, పైన తెల్ల పెంకులు అతికించడం. సెగ ఆగుతుంది, నీళ్లూ ఆగుతాయి. కాకపోతే స్లాబు ఆ బరువు మోస్తుందా అని ఇంజనీరును అడక్కుండా పాత స్లాబు మీదికి ఎక్కించొద్దు.

డబ్బు లేనివాళ్లకి సున్నం ఉంది. రాయి సున్నం ముందురోజు తడిపి, గుడ్డలో వడకట్టి, కొంచెం బంకో ఫెవికాలో కలిపి, రెండు పూతలు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా. వెయ్యడానికి వేళ మాపటి పూట, స్లాబు తడిపిన తర్వాత. కాలుతున్న స్లాబు మీద వేస్తే సున్నం పట్టదు, వారానికే పొడిలాగా లేచిపోతుంది. సున్నం కలిపేటప్పుడు కళ్లు జాగ్రత్త, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. తెల్ల పూతతో గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది. వానకి కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా శివరాత్రికీ ఉగాదికీ మధ్య మళ్లీ వేసుకోవాలి. కంపెనీ తెల్లరంగు కొన్నేళ్లు ఉంటుంది, కానీ మన దుమ్ముకి ఒక్క వేసవిలోనే బూడిదరంగుకి తిరుగుతుంది. చీపురేసి కడగకపోతే పెట్టిన డబ్బు దండగ.

సోలార్ పలకలు పెట్టించుకునే ఆలోచన ఉంటే అవి కూడా నీడే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయలు సబ్సిడీ ఉంది. ఆ పలకలు వాటి కిందున్న స్లాబుని ఎండ నుంచి కాపాడతాయి. వాటిని పడకగది నెత్తిన వచ్చేట్టు పెట్టించుకోండి.

ఇప్పుడు నా సరుకు సంగతి.

సిమెంటు రేకు పగలు ఇనప రేకు కంటే చల్లన, వాన చప్పుడు తక్కువ, ధర తక్కువ. గొర్రెలకి, ఆవులకి కొట్టం వేసేవాళ్లకి ఇదే ఇస్తా, నడిమి ఎత్తు పది పన్నెండు అడుగులు లేపమని చెప్పి. దాని లోపాలు రెండు. పెళుసు, వడగండ్లకి, కోతులకి, మనిషి కాలికి విరుగుతుంది. రెండోది, అందులో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. రేకు అలా ఉన్నంతకాలం గొడవ లేదు, కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది. కట్టర్ మిషన్ పెట్టి పొడిగా కోయించొద్దు, తడిపి చేతి రంపంతో కోయించండి, ముక్కుకి మాస్కు కట్టుకోమనండి. విరిగిన ముక్కల్ని దంచి దారి గుంతల్లో పోసేవాళ్లున్నారు. అది అసలే చెయ్యొద్దు.

రంగు రేకులో మోసం మందం దగ్గర జరుగుతుంది. 0.50 మిల్లీమీటర్లు అని రాసుంటుంది, అది పూత, రంగు అన్నీ కలిపిన మందం కావచ్చు, లోపలి ఇనుము అంతకంటే తక్కువ. కొన్నిచోట్ల కలిపి కొలిచినా 0.50 రాదు. మైక్రోమీటర్ ఉన్న అంగట్లో కొనండి, లేకపోతే తక్కెడ చాలు. నాలుగడుగుల వెడల్పు కాయిల్ (రేకు చుట్ట) నుంచి తీసిన పదడుగుల రేకు, నిజంగా 0.50 అయితే పద్నాలుగు కిలోలకి అటూ ఇటూ తూగాలి. పన్నెండు కిలోలకి దిగిందంటే అది 0.40 సరుకు. బేరం ధర దగ్గర కాదు, తూకం దగ్గర చెయ్యండి. పూత విషయానికొస్తే, అల్యూమినియం జింకు కలిసిన పూత చదరపు మీటరుకి 150 గ్రాములున్నది అడగండి. రంగు మాత్రం తెలుపో, లేత బూడిదో తీసుకోండి. జనానికి నీలం, ఎరుపు ఇష్టం, దూరానికి అందంగా ఉంటుందని. ఆ అందం మధ్యాహ్నం రెండు గంటలకి కిందున్నవాళ్లకి తెలుస్తుంది.

రేకు కింద మనుషులుంటే లోపల సీలింగు తప్పనిసరి. రేకుకీ సీలింగుకీ మధ్య అడుగు ఖాళీ, ఆ ఖాళీలో రెండు చివర్లా జాలీలు, వేడిగాలి బయటికి పోవాలి. జాలీ లేని సీలింగు సగం పనే. ఈతచాపలు, థర్మాకోల్ చవకే కానీ నిప్పంటుకుంటే ఆపలేం, వంటిల్లు ఆ కప్పు కిందే ఉంటే వాటి జోలికి పోవద్దు. స్తోమత ఉంటే పఫ్ ప్యానెల్, రెండు రేకుల మధ్య నురగ నింపింది. పగలు సెగ ఆపుతుంది, రాత్రి స్లాబులాగా సెగ వదలదు. ధర్మవరంలో మగ్గం ఇళ్లకి నేను ఇదే చెప్తా, ఇంకో కారణం కూడా ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఒంటి రేకు అడుగున మంచు పట్టి చుక్కలుగా రాలుతుంది. ఆ చుక్క పట్టు పోగు మీద పడితే చీర విలువే పోతుంది. విత్తనం కాయ దాచేవాళ్లు కూడా ఒంటి రేకు కింద పెట్టొద్దు, ఆ వేడికి మొలక శాతం పడిపోతుంది.

గాలికి నిలబడటం అనేది రేకులో కంటే బిగింపులో ఉంది. గాలి రేకుని తొయ్యదు, పైకి పీకుతుంది. పీకుడు ఎక్కువగా ఉండేది అంచుల్లో, మూలల్లో. నడుమ రెండు గాడులకొక స్క్రూ పెట్టినా, అంచు వరసలో ప్రతి గాడికీ పెట్టాలి. రబ్బరు వాషరు సరిగ్గా కూర్చున్న స్క్రూ చుట్టూ వాషరు ఒక పిసరు మాత్రమే బయటికి కనబడుతుంది. చదునుగా నలిగి బయటికి ఉబికితే ఎక్కువ బిగించారు, ఎండకి రెండేళ్లలో చిట్లుతుంది. ఇరవై అడుగుల రేకు తెల్లవారికీ మధ్యాహ్నానికీ మధ్య మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, రోజూ ఈ సాగుడుకి స్క్రూ రంధ్రాలు వదులవుతాయి. అందుకే మరీ పొడుగు రేకు ఒక్కటే ముక్కగా వేసేటప్పుడు ఆలోచించండి.

అడ్డపైపులు ఇనప రేకుకైతే నాలుగైదు అడుగులకొకటి, ఆరు మిల్లీమీటర్ల సిమెంటు రేకుకైతే నాలుగున్నర అడుగులు దాటొద్దు. రేకు మీద రేకు ఎక్కే దిక్కు కూడా ముఖ్యం. మనకి పెద్దగాలి పడమర నుంచి కాబట్టి తూర్పు కొసన మొదలుపెట్టి పడమరకి పరుచుకుంటూ రావాలి, కొత్త రేకు పాత రేకు మీదికి ఎక్కాలి. అప్పుడు పైరేకు అంచు గాలికి వీపు తిప్పుకుని ఉంటుంది. పనివాళ్లు నిచ్చెన ఎక్కడ ఆనిందో అక్కడే మొదలుపెడతారు, దగ్గరుండి చెప్పండి. చూరు అడుగుకి మించి బయటికి తీయొద్దు. పడమటి వైపు మాత్రమే తెరిచిన కొట్టం కట్టొద్దు, లోపలికి దూరిన గాలి కిందినుంచి ఎత్తుతుంది, పైగాలి పీకుతుంది. తెరిస్తే తూర్పున కూడా తెరవండి. పైపుల్ని గోడకి పట్టే కడ్డీ రెండడుగుల లోతుకి గోడలోకి దిగాలి. ఇవేవీ చెయ్యకుండా రేకుల మీద బండరాళ్లు, ఇసుక మూటలు పెట్టుకుంటారు. గాలి మరీ పెద్దదైతే రేకుతోపాటు ఆ రాయీ లేస్తుంది, అది ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

మంగళూరు పెంకులు, బోదగడ్డి కొట్టాలు అడిగేవాళ్లు ఇప్పుడు తక్కువ. పెంకు చల్లగా ఉంటుంది, గాలి ఆడుతుంది, వాలు మాత్రం బాగా ఎత్తుండాలి. ఊళ్లో కోతులుంటే మాత్రం వద్దు. బోదకొట్టం అంత చల్లన ఇంకేదీ ఉండదు, నిప్పు భయమొక్కటే. చేలో కాపలాకి, పొయ్యి లేని చోట వేసుకోండి.

కప్పు ఏదైనా వాననీళ్లని వదులుకోవద్దు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల కప్పు మీద అనంతపురం వానకి కూడా ఏడాదికి యాభై అయిదు వేల లీటర్లు పడతాయి, వృథా పోయింది పోగా నలభై వేలకి పైనే పట్టుకోవచ్చు. ఆస్బెస్టాస్ రేకు నీళ్లని మాత్రం తాగడానికి కాకుండా బోరు పక్కన ఇంకుడు గుంతకి మళ్లించండి.

రేకుల పని ఉగాదికి ముందే ముగించండి, తర్వాత గాలివానలు మొదలవుతాయి, పనివాళ్లు కూడా దొరకరు. మొదటి పెద్దగాలి పోయిన మర్నాడు పొద్దున్నే, ఎండెక్కకముందే ఎక్కి పడమటి అంచు వరస స్క్రూలన్నీ ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడండి. వదులైనదాన్ని బిగించడం కాదు, తీసి ఒక సైజు పెద్దది కొత్త వాషరుతో వెయ్యండి. ఎక్కినప్పుడు రేకు మీద కాలు పెట్టొద్దు, రెండు అడ్డపైపుల మీద ఆనేట్టు పలక పరుచుకుని దానిమీదే నడవండి.